ఇల్లు ఓడిపోయేది అతుకుల దగ్గరే

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త రాగానే మా విశాఖపట్నంలో అందరి ఫోన్లకూ ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. కొవ్వొత్తులు తెచ్చుకోండి, పవర్ బ్యాంకులు ఛార్జింగ్ పెట్టుకోండి, పాలపొడి, బ్రెడ్డు ఇంట్లో ఉంచుకోండి, నీళ్ళు పట్టి పెట్టుకోండి. అన్నీ అవసరమైనవే. హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేకుండా బతికిన ఊరికి వాటి విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ ఆ జాగ్రత్తలన్నీ ఇంట్లో ఉండే మనుషుల కోసమే. ఇంటి గురించి ఒక్క మాట కూడా ఉండదు. కట్టేశాం కాబట్టి అది నిలబడుతుందని అనుకుంటాం.

నేను చెప్పదలచుకున్నది ఇదీ. తుఫానులో ఇల్లు దెబ్బతినేది ఎక్కువగా అతుకుల దగ్గరే. రేకు దాన్ని మోసే ఇనప పైపును కలిసేచోట, ఆ పైపు గోడ మీద కూర్చునేచోట, కిటికీ ఫ్రేము గోడలో దిగేచోట, తలుపు గడియ పట్టుకునేచోట. వీటిని గట్టి చేయడానికి అయ్యే ఖర్చు ఇంటి మొత్తం ఖర్చులో చాలా చిన్న వాటా. అయినా మనం ఎలివేషన్ కోసం, ఫాల్స్ సీలింగ్ కోసం, టేకు సింహద్వారం కోసం అప్పు చేస్తాం గానీ ఈ అతుకుల వైపు ఒకసారైనా చూడం. పేదవాళ్ళ ఇళ్ళ విషయంలో ప్రభుత్వమూ చూడదు. నాకు బాధ కలిగించేది ఈ రెండోదే.

గాలి బలాన్ని మనం వేగంతో చెప్పుకుంటాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా ఊరి దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 170 నుంచి 180 కిలోమీటర్లని చెప్పారు. ఇంటి మీద పడేది ఆ వేగం పుట్టించే ఒత్తిడి. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. భవనాల మీద గాలి బలాన్ని లెక్కగట్టడానికి మన దేశంలో ఐఎస్ 875 మూడో భాగం అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం విశాఖపట్నంలో ఇల్లు కట్టేవాళ్ళు లెక్కలోకి తీసుకోవాల్సిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. ఇప్పుడు కప్పు బరువు చూడండి. అయిదంగుళాల శ్లాబు చదరపు మీటరుకు మూడు వందల కిలోలు దాటుతుంది. సిమెంటు రేకు పదిహేను కిలోల ప్రాంతంలో ఉంటుంది. ఇనప రేకు అందులో సగం కూడా ఉండదు.

గాలి కప్పును తోసేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కప్పు మీదుగా వేగంగా పోయే గాలి దాన్ని పైకి పీలుస్తుంది. చూరు అంచుల్లో, మూలల్లో ఈ లాగుడు అన్నిటికంటే ఎక్కువ. అందుకే ముందు ఒక మూల రేకు లేస్తుంది, దాని వెనక మిగతావి వరసగా లేస్తాయి. శ్లాబును దాని బరువే నిలబెడుతుంది. రేకును నిలబెట్టేది బోల్టు ఒక్కటే. గాలి వేగం సగానికి తగ్గి 90 కిలోమీటర్లే ఉందనుకున్నా చదరపు మీటరుకు దాదాపు 38 కిలోలు పడుతుంది. అది కూడా రేకు బరువుకు రెట్టింపు కంటే ఎక్కువ. సముద్రం పేరు కూడా వినపడని తెలంగాణ పల్లెల్లో ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులకే రేకులు లేచిపోతున్నాయంటే కారణం ఇదే. కాబట్టి ఇది కోస్తావాళ్ళ గొడవేనని ఎవరూ అనుకోనక్కర్లేదు.

రేకుల మీద ఇటుకలు, బండరాళ్ళు పెట్టడం మన ఊళ్ళన్నిటా కనిపిస్తుంది. మామూలు గాలికి అవి సరిపోతాయేమో. తుఫాను గాలికి రేకుతోపాటు అవీ లేస్తాయి, లేచి పక్కింటి మీద పడతాయి. అంత బరువు అవసరమని తెలిసినవాళ్ళు, ఆ బరువుకు బదులు నాలుగు బోల్టులు ఎందుకు వేయించరు అని నాకు చాలాకాలం అర్థమయ్యేది కాదు. ఇళ్ళు కట్టేచోట నిలబడి చూస్తే అర్థమైంది. బోల్టుల గురించి వాళ్ళకు చెప్పినవాళ్ళే లేరు.

మా అమ్మ వాళ్ళది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఆ ప్రాంతాన్ని ఏం చేసిందో అందరికీ తెలుసు. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొబ్బరి చెట్టు పెట్టి మళ్ళీ కాపు చూడాలంటే ఏళ్ళు పడుతుంది కాబట్టి చెట్ల గురించి చాలామంది మాట్లాడారు, రాశారు. అది న్యాయమే. ఇళ్ళ గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. మామయ్య వాళ్ళ పశువుల పాక, దాన్ని ఆనుకుని వాళ్ళు పడుకునే గది, రెండిటి రేకులూ పోయాయి. కొత్త రేకులు వేసేటప్పుడు నేను వెళ్ళాను. బోల్టుల సంచి చూసి మేస్త్రీ, "ఏటి బాబూ, పాకకి ఇన్ని బోల్టులా? రేకుకి నాలుగు సాలవా?" అన్నాడు. "దీని కిందే కదా మేస్త్రీ మనుషులు పడుకునేది" అన్నాను. "ఎన్నేసినా ఎగిరేది ఎగురుతాది బాబూ" అని నవ్వాడు. ఆయన పనిలో దొంగతనం ఏమీ లేదు. చేతిలో నైపుణ్యం ఉంది. నేర్పినవాళ్ళు నాలుగే వేయమన్నారు, ఆయన నాలుగే వేస్తున్నాడు.

ఆ రోజు మేము చేయించినవి పెద్ద పనులేమీ కాదు. అంచుల వరసలో, మూలల్లో బోల్టులు దగ్గర దగ్గరగా వేయించాం. కొక్కెంలా వంగి ఉండే జె-బోల్టు గట్టిగా లాగితే సాగి విడిపోతుంది, కాబట్టి అంచుల్లో పైపును రెండు వైపులా పట్టుకునే యు-బోల్టులు పెట్టించాం. తల కింద వెడల్పాటి వాషరు వేయించాం. లేకపోతే బోల్టు నిలిచినా రేకు దాని చుట్టూ చిరిగిపోయి బయటికి వచ్చేస్తుంది. చూరు బయటికి అడుగున్నర మించకుండా చూసుకున్నాం. ఎండకు నీడ ఉంటుందని చూరు పొడుగ్గా వదులుతారు గానీ గాలికి దొరికే పట్టు అదే.

అన్నిటికంటే ముఖ్యమైనది పైపుల సంగతి. రేకు పైపుకు ఎంత గట్టిగా బిగించినా, ఆ పైపును గోడ మీద ఊరికే కూర్చోబెట్టి చుట్టూ కాస్త సిమెంటు పూస్తే, గాలికి పైపుతో సహా కప్పు మొత్తం లేస్తుంది. చాలా ఇళ్ళలో జరిగింది అదే. రేకులు పైపులకు చక్కగా బిగిసి ఉన్నాయి, పైపులే పొలాల్లో దొరికాయి. గోడ పైన చుట్టూ కాంక్రీటు బెల్టు పోసి, అందులో నుంచి ఇనప చువ్వ పైకి తీసి పైపును దానికి కట్టాలి. రేకు పైపును, పైపు బెల్టును, బెల్టు గోడను, గోడ పునాదిని పట్టుకోవాలి. ఇందులో ఎక్కడ పట్టు వదిలినా మిగతా ఖర్చంతా వృథా.

మన పెద్దలకు ఇది తెలుసు. ఉత్తరాంధ్ర తీరంలో ఇప్పటికీ అక్కడక్కడ మిగిలిన చుట్టిళ్ళను చూడండి. గుండ్రటి మట్టి గోడ, దాని మీద తాటాకు కప్పు, మనిషి వంగి దూరాల్సినంత కిందికి దిగిన చూరు. గాలి తగలడానికి చదునైన గోడ లేదు, పట్టుకోవడానికి మూల లేదు, కిందికి దూరడానికి చూరు సందు లేదు. నిటారైన వాలు వల్ల కప్పు మీద పైకి లాగే బలం కూడా తగ్గుతుంది. దాని మీద పాత వలలు కప్పి తాళ్ళతో మేకులకు కట్టే అలవాటు మత్స్యకారుల ఊళ్ళలో ఉంది. మట్టి ఇంటికి తిరిగి వెళ్ళిపోదామని నేను అనడం లేదు. పక్కా ఇల్లు అందరికీ కావాలి, శ్లాబు కింద నిద్రపోవడం ప్రతి కుటుంబానికీ దక్కాలి. కానీ పాక పోయి రేకు వచ్చినప్పుడు మనం పాకలోని తాడును వదిలేశాం, దాని బదులు బోల్టు నేర్చుకోలేదు. అందుకే కొన్నిచోట్ల రేకుల ఇల్లు పాత పాకకంటే ప్రమాదకరం అయింది. ఎగిరిన తాటాకు ఎవరినీ చంపదు. ఎగిరిన రేకు కత్తితో సమానం.

ఇక ప్రభుత్వం సంగతి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కల్లోనే సుమారు పదివేల మంది చనిపోయారు. 1996 నవంబరులో కోనసీమ తుఫానుకు వెయ్యి మందికి పైగా పోయారు. హుద్‌హుద్ నాటికి ఆ సంఖ్య పదుల్లోకి వచ్చింది. ముందస్తు హెచ్చరికలు, తుఫాను షెల్టర్లు, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించడం, దీని వెనక ఎంతోమంది ఉద్యోగుల, వాలంటీర్ల, శాస్త్రవేత్తల కష్టం ఉంది. దానికి చేతులెత్తి దండం పెడతాను. కానీ మనిషి ప్రాణంతో తిరిగొచ్చాక ఏం చూస్తున్నాడు? కప్పు లేని ఇల్లు, తడిసిన బియ్యం, తడిసిన పిల్లల పుస్తకాలు, తడిసిన పట్టాదారు పాస్‌బుక్కు. నష్టం రాసుకోవడానికి వస్తారు, కొంత సాయం అందుతుంది, ఆ డబ్బుతో అవే రేకులు కొంటారు, అదే మేస్త్రీ వస్తాడు, అవే నాలుగు బోల్టులు. తర్వాతి తుఫానుకు మళ్ళీ మొదటికి. ఒకే ఇంటి కప్పుకు ప్రభుత్వం మళ్ళీ మళ్ళీ డబ్బిస్తోంది, ఆ కప్పు నిలబడేలా మాత్రం ఒక్కసారీ చేయడం లేదు.

దీనికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. చిన్న ఇళ్ళను తుఫానుకు తట్టుకునేలా ఎలా కట్టాలో, ఉన్నవాటిని ఎలా గట్టి చేయాలో చెప్పే ఐఎస్ 15498 అనే ప్రమాణం 2004 నుంచే ఉంది. కప్పు వాలు ఎంతుండాలి, చూరు ఎంతుండాలి, బోల్టులు ఎక్కడ ఎక్కువ వేయాలి, తలుపులూ కిటికీలూ ఎలా బిగించాలి, అన్నీ అందులో ఉన్నాయి. 2015లో గాలి ప్రమాణాన్ని సవరించినప్పుడు తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపల ఉన్న ప్రాంతానికి తుఫాను కోసం అదనపు లెక్క కూడా చేర్చారు. ఇంజనీరు గీసే పెద్ద భవనాలకు ఇవి వర్తిస్తున్నాయి. ఇంజనీరు గడప తొక్కని రెండు గదుల ఇంటికి చేరే దారే లేదు. ఆ ఇంటికి వచ్చే ఏకైక ఇంజనీరు మేస్త్రీ. ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఎంత కట్టినా ప్రకృతి ముందు మనమెంత అనేవాళ్ళు ఉన్నారు. సముద్రం పొంగి ఊళ్ళోకి వచ్చే ఉప్పెన విషయంలో ఆ మాట నిజం. దివిసీమలో ప్రాణాలు తీసింది ప్రధానంగా నీరే. తీరం పక్కన పల్లపు ఊరిలో ఉన్నవాళ్ళు ఇల్లు ఎంత గట్టిదైనా సరే, ఖాళీ చేయమన్నప్పుడు ఖాళీ చేయాల్సిందే. అందులో రెండో ఆలోచన వద్దు. గాలి విషయంలో మాత్రం ఆ మాటను ఒప్పుకోను. హుద్‌హుద్ వెలిసిన మర్నాడు మా వీధిలో నడిచి చూస్తే, ఒక డాబా మీద రేకుల షెడ్డు నామరూపాల్లేకుండా పోయింది, పక్క డాబా మీదిది అలాగే ఉంది. రెండిటి మీదా వీచింది ఒకే గాలి. తేడా బిగింపులోనే.

డాబాల మీద షెడ్ల గురించి మధ్యతరగతివాళ్ళు గట్టిగా మాట్లాడుకోవాలి. బట్టలు ఆరేసుకోవడానికని మొదలుపెట్టిన షెడ్డు ఆరు నెలల్లో ఒక గది అవుతుంది, ఏడాదికి అద్దెకు వెళుతుంది. అయిదో అంతస్తు మీద గాలి నేల మీదకంటే వేగంగా ఉంటుంది. కొండవాలు మీద, కొండ నెత్తి మీద ఇంకా పెరుగుతుంది. మా ఊరిలో సగం కాలనీలు కొండల మీదే కదా. అలాంటిచోట సరిగా బిగించని షెడ్డు ఇంటి యజమాని ఒక్కడి వ్యవహారం కాదు. అది ఎగిరితే నా కిటికీ అద్దం పగులుతుంది. నా ఇంటిని నేను ఎంత గట్టిగా కట్టుకున్నా పొరుగువాడి రేకు నా ఇంటిని దెబ్బకొట్టగలదు. కాబట్టి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల్లో రంగుల గురించి, పార్కింగ్ గురించి జరిగే చర్చ దీని గురించీ జరగాలి. ఎవరైనా మొహమాటపడితే ఆ మొహమాటం ఖరీదు అందరూ కడతారు.

కిటికీ అద్దం పగలడం చిన్న నష్టంలా అనిపిస్తుంది. గాలి ఎదురుగా కొట్టే వైపు కిటికీ గానీ తలుపు గానీ పోతే గాలి లోపలికి దూసుకొచ్చి కప్పును లోపలి నుంచి పైకి నెడుతుంది. బయట గాలి పైకి లాగుతోంది, లోపలి గాలి కింద నుంచి తోస్తోంది. రెండూ కలిస్తే అప్పటిదాకా నిలబడ్డ కప్పు కూడా పోతుంది. "గాలికి దారి ఇవ్వాలి, ఎదురు కిటికీ తెరిచి పెట్టండి" అని పెద్దవాళ్ళు చెప్పే సలహా మంచి మనసుతో చెప్పేదే, కానీ పాటించకండి. హుద్‌హుద్ కన్ను మా ఊరి మీదుగానే వెళ్ళింది. మొదట ఉత్తరం వైపు నుంచి కొట్టిన గాలి మధ్యాహ్నం ఒక్కసారిగా ఆగిపోయింది. తుఫాను అయిపోయిందని జనం రోడ్ల మీదికి వచ్చారు. కాసేపటికి దక్షిణం వైపు నుంచి మళ్ళీ మొదలైంది. ఉదయం క్షేమంగా ఉన్న వైపు కిటికీలకు సాయంత్రం దెబ్బ తగిలింది. ఒక దిక్కును నమ్ముకుని తెరవడానికి లేదు. నాలుగు వైపులా మూసి ఉంచడమే పని.

మూయాలంటే మూసుకునే కిటికీలు ఉండాలి. పాత ఇళ్ళలో చెక్క రెక్కలు, లోపల అడ్డగడియ ఉండేవి. ఇప్పుడు గోడంత అద్దం పెట్టి, పక్కకు జరిపే రెక్కలు వేస్తున్నాం. ఆ రెక్కల కింది ట్రాక్‌లోంచి వాన నీళ్ళు గదిలోకి పొంగుతాయి, గట్టి గాలికి రెక్క ట్రాక్‌లోంచే బయటికి వస్తుంది. వెలుతురు, సముద్రం కనిపించడం ఎవరికి ఇష్టం ఉండదు? నాకూ ఇష్టమే. అయితే సముద్రం వైపు అద్దం పెట్టుకునేవాళ్ళు బయట మూసుకునే షట్టరు కూడా అప్పుడే పెట్టించుకోవాలి. అది కుదరకపోతే కిటికీ కొలతకు కోసిన ప్లైవుడ్ పలకలు, వాటిని బిగించడానికి గోడలో ముందే దించిన బోల్టులు ఉంటే చాలు. వాటి మీద ఏ కిటికీదో పేరు రాసి అటక మీద పెట్టుకోవచ్చు. అద్దం మీద ఇంటూ గుర్తులాగా టేపు అంటించడం వల్ల అద్దం బలం పెరగదు.

మిగతావి త్వరగా చెబుతాను. డాబా మీద ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకు ఎగురుతుంది, నిండిన వెయ్యి లీటర్ల ట్యాంకు టన్ను బరువుంటుంది. హెచ్చరిక రాగానే నింపండి. డాబా నీళ్ళు దిగే తూముల్లో ఆకులు, పాలిథిన్ కవర్లు తీయించండి. పిట్టగోడ ఎత్తున నీళ్ళు నిలిస్తే శ్లాబు మీద ఎంత బరువు పడుతుందో ఆలోచించండి. ఇంటి మీదికి వంగిన కొమ్మలు సీజనుకు ముందే కొట్టించండి. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి పై అరలో ఉంచండి. కరెంటు మీటరు, స్విచ్ బోర్డు సెల్లారులో ఉన్న అపార్ట్‌మెంట్లు వాటిని పైకి మార్పించుకోవాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో జరిగినవి చూశాక కూడా మార్పించుకోకపోతే ఇంకెప్పుడు?

బీమా సంగతి కూడా. ఇంటి లోను తీసుకున్నవాళ్ళలో చాలామంది బ్యాంకు అంటగట్టిన పాలసీని ఇంటి బీమా అనుకుంటారు. చాలాసార్లు అది అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి చేసిన బీమా. ఇల్లు కూలితే దాని నుంచి రూపాయి రాదు. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ భారత్ గృహ రక్ష అనే ఒకే తరహా పాలసీ అమ్మాలని నియంత్రణ సంస్థ చెప్పింది. తుఫాను, వరద, కొండచరియలు విరిగిపడడం అందులో ఉన్నాయి. ఇంటికి తీసుకుంటే ఇంట్లో సామానుకు కూడా బీమా మొత్తంలో 20 శాతం దాకా, పది లక్షలు మించకుండా, దానంతటదే వర్తిస్తుంది. మీ ఫైలు తీసి అందులో ఉన్నది ఏ పాలసీయో ఒకసారి చదవండి.

మళ్ళీ నా అసలు గొడవకు వస్తాను. తుఫాను తర్వాత ఇచ్చే సాయంలో రేకుల డబ్బుతోపాటు ప్రతి ఇంటికీ ఒక సంచి ఇవ్వాలని నేను అడుగుతున్నాను. అందులో తుప్పు పట్టని యు-బోల్టులు, వెడల్పాటి వాషర్లు, పైపును బెల్టుకు కట్టే పట్టీలు ఉండాలి. మామూలు ఇనుమును ఉప్పుగాలి కొన్నేళ్ళకే తినేస్తుంది కాబట్టి పూత పూసినవే ఇవ్వాలి. దాంతోపాటు మండలానికి కొంతమంది మేస్త్రీలను కూర్చోబెట్టి శిక్షణ ఇవ్వాలి. రోజు కూలీ ఇచ్చి మరీ నేర్పాలి, ఎందుకంటే కూలీ మానుకుని వచ్చి నేర్చుకునే స్తోమత వాళ్ళకు ఉండదు. తుఫాను షెల్టరు గోడ మీద బిగింపు ఎలా ఉండాలో పెద్ద బొమ్మ వేయాలి. ఏటా వేసవిలో, తుఫానుల కాలానికి చాలా ముందే, పంచాయతీ మనిషి వచ్చి బోల్టులు ఊగుతున్నాయేమో, తుప్పు పట్టాయేమో చూసి వెళ్ళాలి. దోమల మందు కొట్టడానికి ఇంటింటికీ వస్తున్నారు కదా, ఇదీ అలాగే రావాలి.

ఆ రోజు మామయ్య ఇంటి దగ్గర పని అయ్యాక మేస్త్రీ మిగిలిన యు-బోల్టు ఒకటి చేతిలో పట్టుకుని, ఇది ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. పలాసలో దొరకలేదు, నేను విశాఖపట్నం నుంచి తెచ్చానని చెప్పాను. ప్రభుత్వం చేయగలిగిన మొదటి పని బహుశా అదే. తీరం మండలాల్లోని ప్రతి ఇనప సామాన్ల కొట్లో అది దొరికేలా చూడడం.